మీకు తెలుసా? టూ-లెట్ బోర్డు వెనక ఇంత కథ!

"పిల్లలున్నారా? అయితే కుదరదండీ!" మన వీధుల్లో ఈ మాట మామూలే. అమెరికాలో ఓనరు అలా అంటే కేసే! ఇళ్ల విషయంలో వివక్ష చూపకూడదని అక్కడో చట్టం ఉంది. పిల్లలున్నారని ఇల్లు కాదనకూడదని 1988లో దానికి సవరణ చేశారు. పెద్దవయసు వాళ్లకోసమే కట్టిన కాలనీలకు మాత్రం మినహాయింపు.

అసలు ఆ చట్టం ఎలా పాసైందో వినండి! ఏళ్ల తరబడి నానిన బిల్లు. మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపిన 7 రోజులకే సంతకం పడింది! అది 1968 ఏప్రిల్.

అద్దెకు దిగే ఉద్దేశమే లేకుండా ఇళ్లు చూసొచ్చేవాళ్లు అక్కడ ఉంటారు తెలుసా? వివక్షను పట్టుకోవడమే వాళ్ల పని! ముందు నల్లజాతి మనిషి తలుపు తడతారు. "అయ్యో, ఖాళీల్లేవండీ." తర్వాత తెల్లజాతి మనిషి వెళ్తారు. "రండి రండి, చూపిస్తా!" ఇద్దరూ విన్నది విన్నట్టు రాసుకుంటారు. ఓనరు దొరికిపోయాడు! దిగేది లేనప్పుడు వాళ్లకేం నష్టం అంటారా? అబద్ధం చెప్పడమే నష్టం అంది అక్కడి సుప్రీంకోర్టు, 1982లో. ఆ చూడ్డానికెళ్లిన మనిషే కేసు వేయొచ్చు! నాకైతే అన్నిట్లోకీ ఇదే నచ్చింది.

ఓనరు అదే ఇంట్లో ఉంటూ, మొత్తం 4 వాటాలు దాటకపోతే ఆ చట్టం చాలావరకు వదిలేస్తుంది. కానీ 'ఫలానా మతం వాళ్లకే' అని ప్రకటన వేశారో, అయిపోయారంతే! మనసులో ఉంటే సరే, బోర్డుమీదికి వస్తే తప్పు! విడ్డూరం కదూ?

ఆ బుల్లి ఓనరైనా రంగు చూసి కాదనలేడు. 1866 నాటి పాత చట్టమొకటి కాపు కాసుకుని కూర్చుంది!

అక్కడి అద్దె ఇంట్లో 'కుక్కలకు ప్రవేశం లేదు' అన్న నిబంధన ఉందా? చూపులేనివారికి దారి చూపే కుక్క దర్జాగా లోపలికి వెళ్తుంది! దానికి కట్టాల్సిన పెట్ ఫీజు 0 డాలర్లు!

"ఇంతకీ మీరేమిట్లు?" ఈ కూపీ సముద్రం దాటింది. వెనకే చట్టమూ వెళ్లింది! 2023లో సియాటిల్ కులవివక్షను నిషేధించింది. అమెరికాలో అదే తొలి నగరం. అద్దె ఇళ్లకూ వర్తిస్తుంది!

మరి మన దగ్గరో? హెచ్‌ఐవీ ఉందని ఇల్లు ఇవ్వననడానికి 2017 చట్టం ఒప్పుకోదు.

ఇంకోటి వినండి! అంటరానితనం పేరుతో ఎవరినైనా ఏ వీధిలోనైనా ఇల్లు కట్టుకోనివ్వకపోయినా, కొనుక్కోనివ్వకపోయినా, ఉండనివ్వకపోయినా మన దేశంలో నేరం. జైలే! ఎప్పటినుంచో తెలుసా? 1955 నుంచి. అమెరికావాళ్ల 1968 చట్టం కన్నా మనది 13 ఏళ్లు పెద్ద!

ఈ ముక్క మీ ఓనరుగారికి చదివి వినిపించండి. ఈ నెల అద్దె కట్టేశాకే సుమా!