గొల్లల సాంప్రదాయ జీవనం

గొల్లలు తెలుగునాట తరతరాలుగా ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు పెంచుతూ జీవించిన పశుపోషక జనులు. వీరిని యాదవులు అని కూడా అంటారు. విశాఖపట్నం జిల్లా ఆనందపురం పరిసరాలతో సహా ఉత్తరాంధ్ర అంతటా వీరు నివసిస్తున్నారు. ఈ వృత్తికి పశువులు ఎంత ముఖ్యమో, అవి మేసే ఉమ్మడి భూమి కూడా అంతే ముఖ్యం.

మేత, మంద

పొలాలలో పైరు ఉన్నంతకాలం మందలను కొండవాలులకు, బంజరు భూములకు తోలుకొని పోయేవారు. కోతలైన పిమ్మట పొలాలలో మిగిలిన గడ్డి, మోళ్ళు మేతగా ఉపయోగపడేవి. రాత్రివేళ మందను రైతు పొలంలో నిలపడాన్ని మంద కట్టడం అంటారు. పేడ, మూత్రం నేలకు ఎరువయ్యేవి. ప్రతిఫలంగా కాపరికి ధాన్యం లభించేది. ఈ విధంగా సేద్యం, పశుపోషణ పరస్పరం ఆధారపడి ఉండేవి.

పాడి

పాలను తోడుపెట్టి, కవ్వంతో చిలికి వెన్న తీసేవారు. పాలు, పెరుగు, మజ్జిగ సమీప గ్రామాలలో అమ్ముడుపోయేవి. నెయ్యి ఎక్కువ కాలం నిలువ ఉంటుంది కనుక దూరపు సంతలకు చేరేది.

కాటమరాజు కథ

మేత హక్కు కోసం జరిగిన పోరాటమే గొల్లల వీరగాథ అయిన కాటమరాజు కథకు మూలం. పశువుల మేతకు చెల్లించే పన్నును పుల్లరి అంటారు. కరువు కాలంలో కాటమరాజు తన మందలను నెల్లూరు రాజ్యపు బీళ్ళకు తోలుకొని పోగా, పుల్లరి విషయమై రాజు నల్లసిద్ధితో వివాదం ఏర్పడి, పాలేటి ఒడ్డున ఎర్రగడ్డపాడు వద్ద యుద్ధం జరిగిందని కథ చెబుతుంది. కవి తిక్కన బంధువైన ఖడ్గ తిక్కన ఈ పోరులోనే మరణించాడని ప్రతీతి. ఈ కథలో గంగమ్మకు ప్రముఖ స్థానం ఉంది. గొల్లసుద్దులు అనే జానపద కళారూపం కూడా ఈ జనులకు సంబంధించినదే.

మార్పులు

1882 మద్రాసు అటవీ చట్టంతో అడవులలో మేతపై ఆంక్షలు పెరిగాయి. పుల్లరికి వ్యతిరేకంగా 1921-22లో పలనాడులో సాగిన ఉద్యమంలో కన్నెగంటి హనుమంతు ప్రాణాలర్పించాడు. 1970లో ఆరంభమైన ఆపరేషన్ ఫ్లడ్ తరువాత పాలసేకరణ కేంద్రాలు విస్తరించి, ఇంటివద్ద కట్టివేసి మేపే పాడిగేదెలకు ప్రాధాన్యం హెచ్చింది.

ఆనందపురం జాతీయ రహదారిపై ఉన్నందున, విశాఖ నగర విస్తరణతో ఇక్కడి భూములు ఇళ్ళస్థలాలుగా మారుతున్నాయి. ఇంటి పాడికి గడ్డి, దాణా కొని తేవచ్చును గాని, తిరిగి మేసే మందకు బీడు కావాలి. అది లేనిచోట మంద కట్టడం వంటి ఆచారాలు కూడా అంతరిస్తాయి.