నెల నెలా రీఛార్జ్ ఆపేసి పాత డిష్‌నే తిప్పేశాం: డీడీ ఫ్రీ డిష్ మనమే పెట్టుకుంటే ఎంత మిగులుతుంది?

జనగామ దగ్గర మా ఊళ్లో అమ్మమ్మ ఒక్కతే ఉంటుంది. ఆమె టీవీ రీఛార్జ్ బాధ్యత నాది. మొన్న వేసవిలో ఆఫీస్ రిలీజ్ హడావిడిలో పడి మర్చిపోయా. ఆమె అడగలేదు. పదకొండు రోజుల తర్వాత ఫోన్‌లో వెనక టీవీ చప్పుడు లేదేంటని నేనే అడిగితే, "బంద్ అయింది బిడ్డా, నువ్వు పనిల ఉంటవని చెప్పలే" అంది.

నెలకు 300 అంటే ఏడాదికి 3,600. డబ్బు సరే, నా మతిమరుపుకి ఆమె ఇంట్లో టీవీ ఆగిపోవడం నచ్చలేదు. అందుకే డీడీ ఫ్రీ డిష్ వైపు చూశాను.

తెలియనివాళ్ల కోసం: ఇది ప్రసార భారతి డీటీహెచ్ సర్వీస్. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. నెల చందా లేదు, ఒకసారి సామాను కొనుక్కుంటే చాలు. చిన్నప్పుడు మేడ మీద చేపముల్లులా ఉండే దూరదర్శన్ యాంటెన్నా గుర్తుందా? అది ఇప్పుడు పనికిరాదు. ఆ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు దాదాపు అన్నీ 2022 కల్లా ఆపేశారు. ఫ్రీ డిష్ సిగ్నల్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరున్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి.

అసలు విషయం ఏంటంటే, మీ మేడ మీద పాత డీటీహెచ్ డిష్ ఉంటే కొత్తది కొనక్కర్లేదు. 60 సెంటీమీటర్ల రేకు డిష్ ఏ కంపెనీదైనా ఒకటే. మారేది అది చూసే దిక్కు మాత్రమే. మెకానిక్‌ని అడిగితే వచ్చి తిప్పడానికే 800 అన్నాడు, కేబుల్ వేరే. నేనే ఎక్కుదామనుకున్నా.

సామాను ఖర్చు ఇదీ: ఎంపెగ్-4 ఫ్రీ టు ఎయిర్ బాక్స్ 900, ఆర్‌జీ-6 కేబుల్ 15 మీటర్లు 300, కనెక్టర్లు, టేపు కలిపి 60, శాటిలైట్ ఫైండర్ 250. మొత్తం 1,510. ఇందులో ఫైండర్ డబ్బులు దండగ, ఎందుకో చెప్తా. బాక్స్ కొనే ముందు మాత్రం ఒకసారి టీవీ వెనక చూడండి. ఎల్‌ఎన్‌బీ అని రాసి ఉన్న మరతో కూడిన గుండ్రటి సాకెట్ ఉన్నా, స్పెసిఫికేషన్లలో డీవీబీ-ఎస్2 అని ఉన్నా ట్యూనర్ టీవీలోనే ఉన్నట్టు. ఎన్‌క్రిప్ట్ చేయని ఛానళ్లు బాక్స్ లేకుండానే వస్తాయి. అమ్మమ్మ టీవీకి లేదు. హైదరాబాద్‌లో నా రూమ్ టీవీకి ఉంది, రెండేళ్లుగా నేనే గమనించలేదు!

ఇక దిక్కు. ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కేస్తే హైదరాబాద్‌లో 138 డిగ్రీలు, విజయవాడలో 141, విశాఖలో 149, తిరుపతిలో 133. అంటే అందరికీ ఆగ్నేయం వైపే. ఎత్తు కోణం హైదరాబాద్‌లో 63 డిగ్రీలు, మిగతా చోట్ల 66, 67 దాకా. మా పాత డిష్ 83 డిగ్రీల ఉపగ్రహాన్ని చూస్తోంది కాబట్టి తూర్పుకు 28 డిగ్రీలు తిప్పి, 5 డిగ్రీలు కిందికి దించాలి. కదిలించే ముందు పాత స్థానాన్ని పైపు మీద మార్కర్‌తో గీసి పెట్టుకున్నా.

ఫోన్ కంపాస్‌ని డిష్ పైపుకి ఆనించి చూడకండి. ఇనుము దగ్గర అది పది, ఇరవై డిగ్రీలు అబద్ధం చెప్తుంది. మూడు, నాలుగు అడుగులు దూరం జరిగి దిక్కు చూసి, ఆ వరుసలో దూరంగా ఉన్న ఏదో చెట్టునో ట్యాంకునో గుర్తు పెట్టుకోండి. ఇంకో తిరకాసు: ఈ డిష్‌లు ఆఫ్‌సెట్ రకం. రేకు ఎటు చూస్తున్నట్టు కనిపిస్తుందో, నిజానికి అంతకంటే ఇరవై డిగ్రీల పైచిలుకు పైకి చూస్తుంది. కంటితో కొలిస్తే తప్పు ఖాయం. వెనక క్లాంప్ మీద ముద్రించిన స్కేలునే నమ్మాలి.

నేను గంటన్నర పోగొట్టుకున్నది ఆ తర్వాతే. ఫైండర్ కుయ్యిమని అరుస్తోంది, బాక్స్‌లో స్ట్రెంగ్త్ 80 చూపిస్తోంది, క్వాలిటీ మాత్రం సున్నా. స్ట్రెంగ్త్ అంటే కేబుల్‌లో ఎంతో కొంత పవర్ వస్తోందని మాత్రమే. కావలసిన సిగ్నల్‌ని బాక్స్ చదవగలుగుతోందా లేదా అన్నది క్వాలిటీ చెప్తుంది. ఆకాశంలో ఆ ముక్కలోనే 88, 91.5, 93.5, 95 డిగ్రీల దగ్గర డీటీహెచ్ ఉపగ్రహాలు ఉన్నాయి. చవక ఫైండర్ దేన్ని చూసినా అరుస్తుంది, ఏదో చెప్పలేదు. దాన్ని తీసి పక్కన పెట్టేశా.

పనికొచ్చింది వాట్సాప్ వీడియో కాల్. బాక్స్‌లో 11090, వర్టికల్, 29500 పెట్టి సిగ్నల్ స్క్రీన్ తెరిచి, అమ్మమ్మ ఫోన్‌ని టీవీ ముందు స్టూలు మీద నిలబెట్టా. ఆమె మధ్యలో వచ్చి "కనవడుతున్ననా?" అని రెండుసార్లు స్క్రీన్‌కి అడ్డం నిల్చుంది, అది వేరే కథ. డిష్‌ని ఇంత కదిలించి మూడు సెకన్లు ఆగాలి. సిగ్నల్ పట్టుకోవడానికి బాక్స్‌కి ఆ టైమ్ కావాలి. గబగబా తిప్పితే సరైన చోటు దాటిపోయినా తెలియదు. నాకు క్వాలిటీ 40 దగ్గర పలికింది. అప్పుడు ఎల్‌ఎన్‌బీని దాని హోల్డర్‌లోనే మెల్లగా తిప్పితే 72కి వెళ్లింది. మన అక్షాంశాల్లో ఈ మెలిక చాలా ముఖ్యం. లెక్క ప్రకారం 40 డిగ్రీల దగ్గర వస్తుంది. చాలామంది దీన్ని ముట్టుకోకుండానే డిష్ బాగాలేదంటారు.

పాత కేబుల్ కనెక్టర్ లోపల పచ్చగా తుప్పు పట్టి ఉంది, అందుకే కేబుల్ మార్చాను. కొత్త కనెక్టర్ వేసేటప్పుడు మధ్య రాగి తీగకి జాలీ తీగ ఒక్క పోగు కూడా తగలకూడదు. బాక్స్ ఆన్‌లో ఉండగా కేబుల్ పీకొద్దు, అందులో 13 లేదా 18 వోల్టులు ఉంటాయి. పిట్టగోడ లేని మేడైనా, దగ్గర్లో కరెంటు తీగలున్నా మెకానిక్‌కి ఆ 800 ఇచ్చేయండి.

ఇక నేను చేసిన పెద్ద తప్పు. ఛానళ్లు స్కాన్ అయ్యాక అమ్మమ్మ రిమోట్ తీసుకుని కాసేపు నొక్కి, "ఏడు గంటల సీరియలేది కొడుకా?" అంది. తెలుగులో డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి ఉన్నాయి, ఆకాశవాణి రేడియో ఛానళ్లు కూడా వస్తాయి, కానీ ఆమె సీరియల్ వచ్చేది పే ఛానల్‌లో. ఫ్రీ డిష్‌లో హిందీదే రాజ్యం. ప్రైవేట్ ఛానళ్లు స్లాట్ల వేలంలో చోటు కొనుక్కుని వస్తాయి కాబట్టి జాబితా కూడా మారుతుంటుంది. అజిముత్ లెక్కలన్నీ వేసుకున్న నేను, ఆమె ఏం చూస్తుందో మాత్రం అడగలేదు. మీ ఇంట్లో వాళ్లు రోజూ చూసే ఛానళ్లు నాలుగు కాగితం మీద రాసి, ఇప్పటి ఫ్రీ డిష్ జాబితాతో సరిచూశాకే స్పానర్ పట్టుకోండి.

మళ్లీ పాతదే పెట్టేస్తా అన్నాను. "ఉండనీ" అంది. ఇప్పుడు పొద్దున వార్తలు, పాత పాటలు ఇంట్లో చూస్తోంది, ఏడింటికి పక్కింటికి వెళ్తోంది. పోయిన ఆదివారం ఫోన్ చేసి వానాకాలంలో కూడా వెళ్తావా అని అడిగితే, "ఆడ నలుగురం కూసొని చూస్తున్నం, నీకేం తెలుసు" అంది. పాత బాక్స్ మాత్రం పారేయలేదు. పైపు మీద మార్కర్ గీత కూడా అలాగే ఉంది.