ఒక్క బకెట్ చాలు, బురద లేకుంటే
ముసురులో పైపు ముట్టకుండా కారు కడగొచ్చు. కానీ తొందరపడితే పోయేది రంగే

జులై వచ్చిందంటే సూరత్ శివార్లలోని సచిన్‌లో తెల్లకారు తెల్లగా ఉండదు. జీఐడీసీ పారిశ్రామికవాడలో బాయిలర్ల బూడిద, లారీలు చిమ్మే రోడ్డు నీళ్లు, పైన ఆగని వాన. వాన వెలిశాక బానెట్ మీద మిగిలేది మసి చారలే. వానే కారు కడిగిపెడుతుందన్నది ఉత్త భ్రమ.

మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి సూరత్ చేరిన నేత కుటుంబాల్లో కొన్నింటికి ఇప్పుడు కారుంది. కానీ అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో పైపు పెట్టి కడిగే వీలు చాలామందికి లేదు. అలాంటి వారికి అక్కరకొచ్చేదే రిన్స్‌లెస్ వాష్. అంటే కడిగాక మళ్లీ నీళ్లు పోయనక్కర్లేని పద్ధతి.

ఇందులో వాడేది మామూలు షాంపూ కాదు. నురగ దాదాపు రాదు. దానిలోని పదార్థాలు మురికి రేణువును చుట్టేసి, రంగు మీద గీతపడకుండా జారేలా చేస్తాయి. చాలా రకాలకు 10 లీటర్ల నీటికి 40 మిల్లీలీటర్లు సరిపోతుంది. డబ్బా మీది కొలత చూసుకోవడం మంచిది. మైక్రోఫైబర్ బట్టలు అరడజను బకెట్‌లో నానబెట్టాలి. పైకప్పుతో మొదలుపెట్టి కిందికి, ఒక్కో భాగాన్ని ఒకే దిశలో తుడవాలి. బట్ట మడత మార్చుతుండాలి. మురికైన బట్టను తిరిగి బకెట్‌లో ముంచకూడదు. వెంటనే పొడిబట్టతో ఒత్తాలి. మబ్బు పట్టిన రోజు ఇందుకు అనుకూలమే. ఎండలోలా ద్రావణం చప్పున ఆరిపోయి మరకలు కట్టదు. నెత్తిన కప్పుంటే చాలు.

అసలు చిక్కు బురదతోనే. చక్రాల చుట్టూ, తలుపుల అడుగున గట్టిపడ్డ మట్టి మీద బట్ట పెడితే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. ముందు నీళ్లతో దాన్ని జార్చాలి. వాన పడుతుంటే కారును పది నిమిషాలు బయట నిలిపినా కొంత నానుతుంది. మిగిలినదానికి మగ్గుతో నీళ్లు పోయక తప్పదు.

పైపుతో అయితే నిమిషానికి 10 లీటర్ల పైనే పోతుంది. నీటికి కటకట వచ్చిన బెంగళూరులో 2024 మార్చిలో తాగునీటితో కార్లు కడిగితే రూ. 5,000 జరిమానా అన్నారు. సూరత్ నగరపాలక సంస్థ మురుగునీటినే శుద్ధి చేసి పాండేసరా మిల్లులకు అమ్మడం 2014లోనే మొదలుపెట్టింది.

చివరికి మిగిలిన మురికి బకెట్‌ను వాన కాలువలో ఒంపడం తగదు. మరుగుదొడ్డిలో పోస్తే మురుగు పైపులోకి పోతుంది. కాలువలో ఏం పోస్తున్నామన్నది ఎంత పెద్ద విషయమో సచిన్‌కు చెప్పనక్కర్లేదు. 2022 జనవరి 6న ఇక్కడే ఓ ట్యాంకర్ రసాయన వ్యర్థాలను కాలువలోకి వదలగా వెలువడిన విషవాయువుకు ఆరుగురు కార్మికులు బలయ్యారు. ఒక్క బకెట్ దానికి సాటిరాదు, నిజమే. కానీ కాలువ అదే.