నూరిన మాత్ర, వేప యూరియా

మా నాయనమ్మకి మాత్ర మింగడమంటే భయం. ఏదిచ్చినా కల్వంలో నూరి తేనెతో నాకేస్తుంది. పోయిన సంక్రాంతికి నేను అవనిగడ్డ వెళ్లినప్పుడు కొత్త బీపీ మాత్రనీ అలాగే నూరింది. కాసేపటికే కళ్లు తిరిగి అరుగు మీద కూలబడింది. బందరు తీసుకెళ్తే డాక్టరుగారు స్ట్రిప్పు చూసి, "దీన్ని నూరారా?" అన్నారు. దాని మీద 'రిటార్డ్' అని ఉంది.

ఇలాంటి మాత్రల్లో (ఎస్.ఆర్. అన్నా ఈ కోవే) చాలావాటికి మందుని పాలిమర్‌తో కలిపి అచ్చు వేస్తారు. కడుపులో నీరు తగలగానే పైభాగం ఉబ్బి, నానిన సబ్జా గింజ చుట్టూ వచ్చే జిగురులా అవుతుంది. మందు అందులోంచి కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. నూరితే ఆ అడ్డు పోయి, గంటల తరబడి అందాల్సిన మందు ఒక్కసారే రక్తంలోకి దిగుతుంది.

తాతయ్యకి చెబితే నవ్వారు. "మేం యూరియాకి చేసిందీ అదేగా!" వరికి చల్లేముందు 50 కిలోల యూరియాకి 10 కిలోల వేపపిండి పట్టించి రెండు రోజులు ఉంచేవాళ్లట.

నిజానికి అదీ ఇదీ ఒకటి కాదు. యూరియాలో 46 శాతం నత్రజని. నేలలో అది అమ్మోనియంగా, ఆపైన బాక్టీరియా వల్ల నైట్రేట్‌గా మారుతుంది. అమ్మోనియంని మన బంకనేల పట్టి ఉంచుతుంది. నైట్రేట్ మాత్రం నీటితో కిందికి జారుతుంది, లేదంటే నీళ్లు నిలిచిన మడిలో వాయువై గాల్లో కలుస్తుంది. వేప ఆ బాక్టీరియాని మందగింపజేస్తుంది. అంటే అడ్డుగోడ కట్టదు, దొంగని నిద్రపుచ్చుతుంది!

2015లో దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపనూనె పూత తప్పనిసరి చేశారు. 2018లో బస్తా 50 నుంచి 45 కిలోలకి తగ్గింది. తాతయ్య మాత్రం పాత అలవాటుకొద్దీ పైన ఇంకో అరబస్తా వేస్తూనే ఉన్నారు.

వచ్చేముందు నాయనమ్మ మందుల డబ్బా మీద స్కెచ్ పెన్‌తో 'నూరొద్దు' అని పెద్దగా రాశాను. కల్వం కూడా అటక మీద పెట్టేశాను.