వాడేశాక ఏమవుతుంది? డిజైన్ చదువులో ఇదీ పాఠమే!

డిజైన్ కోర్సంటే స్కెచ్‌లు, సాఫ్ట్‌వేర్లేనా? యూనివర్సిటీ ఆఫ్ ది ఆర్ట్స్ లండన్‌లో పర్యావరణమూ చదువులో భాగమే. దీని పరిధిలోని లండన్ కాలేజ్ ఆఫ్ ఫ్యాషన్ 2008లోనే సస్టైనబుల్ ఫ్యాషన్‌కు ప్రత్యేక పరిశోధన కేంద్రం పెట్టింది. సెంట్రల్ సెయింట్ మార్టిన్స్‌లో అయితే ‘బయోడిజైన్’ పేరుతో పీజీ కోర్సే ఉంది. ఈ రంగంలో బాగా వినిపించే పదార్థం మైసీలియం, అంటే పుట్టగొడుగుల కింద అల్లుకునే సన్నని పోగులు. పంట వ్యర్థాలను అచ్చుల్లో నింపి, వాటిలో దీన్ని పెంచి ఎండబెడితే థర్మాకోల్‌కు బదులు వాడే ప్యాకింగ్ తయారవుతుంది. బయోటెక్, కెమికల్ వాళ్లూ ఆలోచించాల్సిన దారి ఇది.

లండన్ ఫీజులు మామూలుగా ఉండవు, అప్పు చేసే ముందు లెక్క వేసుకోండి. ఇంజినీరింగ్ చేసినవాళ్లు సీడ్ రాసి ఐఐటీ హైదరాబాద్‌లో ఎం.డిజైన్‌కు ప్రయత్నించొచ్చు. అందులో డ్రాయింగ్ ఉంటుంది, ఇప్పటినుంచే చేయి తిప్పండి.

మరి పోర్ట్‌ఫోలియో? మీ కాలేజీ ఫెస్ట్ ఫ్లెక్సీనే తీసుకోండి. పాలిస్టర్ నేత, దానిమీద పీవీసీ పూత. రెండూ అతుక్కుపోయి ఉంటాయి కాబట్టే రీసైక్లింగ్ కష్టం. దాంతో బ్యాగు కుట్టి ‘ఎకో ఫ్రెండ్లీ’ అని రాసేస్తే (చాలామంది చేసేది ఇదే) ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు: బ్యాగు చిరిగాక? అంతకన్నా ఈసారి ఫెస్ట్‌ను ఫ్లెక్సీ లేకుండా జరిపి చూపించండి. బదులు ఏం వాడారో, ఎంత ఖర్చయిందో ఫొటోలతో పాటు ఆ అంకెలూ పెట్టండి.