పాత మోటారు బండ్ల కందెన పనిముట్లు: వాటిని గుర్తించు విధము

కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని మన పెద్దలు చెప్పుదురు. ఎడ్లబండి ఇరుసునకు ఏది అవసరమో మోటారు బండి కీళ్లకును అదియే అవసరము. నేటి కార్లలో అనేకమైన కీళ్లు తయారగునప్పుడే గ్రీజుతో నింపి మూయబడుచున్నవి గనుక ఈ పని మన కంటబడుట అరుదు. పూర్వపు కార్లలో ఇట్లు గాక, కీలుకీలునకును డ్రైవరు తరచుగా గ్రీజు పెట్టవలసియుండెను. అందులకు వాడిన పనిముట్లు పాత ఇనుప సామానుల నడుమ నేటికిని కనబడుచుండును. వాటిని గుర్తించు విధమును ఇచ్చట వివరించెదము.

మొదట ఒక సూత్రము. పనిముట్టుయొక్క గొట్టమును, పిడిని చూచి నిర్ణయింపరాదు. అవి అన్నింటికిని ఇంచుమించు ఒకే రీతిగా నుండును. మూతిని చూడవలెను. అది బండిమీది గ్రీజు నిపిలునకు సరిపడునట్లు చేయబడినది.

అన్నింటికంటె పాతది గ్రీజు గిన్నె. ఇది కీలునకే బిగింపబడియుండు చిన్న గిన్నె. మరలుగల మూతలో గ్రీజు నింపి, కొంచెము కొంచెముగా త్రిప్పుచుండిన గ్రీజు లోనికి దిగును. 1908 మొదలు 1927 వరకు తయారైన ఫోర్డు మోడల్ టి కార్లలో ఇట్టివి యుండెను. వీటికి వేరుగా గ్రీజు గన్ను అక్కరలేదు.

రెండవది ఆలెమైట్ గన్ను. మొదటి ప్రపంచ యుద్ధ కాలమున అమెరికాలోని షికాగో నగరమందు ఆర్థర్ గుల్బోర్గ్ దీనిని కల్పించెను. దీనికి లోహపు తొడుగుగల వంగు గొట్టముండును. మూతియందు రెండు గాళ్లు కనబడును. నిపిలునకు ఇరుప్రక్కల నున్న చిన్న చీలలను ఆ గాళ్లలో నిమిడ్చి త్రిప్పినచో బిగిసికొనును. పిమ్మట వెనుకనున్న పిడిని త్రిప్పవలెను.

మూడవది ఆస్కార్ జెర్క్ అను ఆస్ట్రియా దేశీయుని పేర ప్రసిద్ధమైనది. దీని మూతి లోనికి గుంటబడియుండును. పట్టుకొను భాగమేమియు లేదు. నిపిలుమీద నానించి గట్టిగా నెట్టుటయే పని.

నాలుగవది 1930 తరువాత వ్యాపించి నేటికిని వాడుకలో నున్నది. దీని మూతిలోని చిన్న దవడలు గుండ్రని నిపిలు తలను పట్టుకొనును.

ఇవి గాక, మూతి సన్నని ఉత్త గొట్టమై, పిడిని వెనుకకు లాగిన నూనెను పీల్చుకొనునది యొకటి గలదు. అది గేరు పెట్టెలో నూనె పోయుటకు, కీళ్లకు పనికిరాదు.

ఇంత శ్రద్ధ ఏలయని కొందరడుగవచ్చును. మూతి సరిపడనిచో గ్రీజు లోనికి పోక వెలుపల పేరుకొనును. చూపరులకు పని జరిగినట్లే తోచును గాని కీలు పొడిగానే యుండును. ముందు చక్రములను త్రిప్పు కింగ్ పిన్ ఇట్లు అరిగినచో బండి చెప్పినట్లు వినదు, ప్రాణాపాయము కలుగవచ్చును.

కావున మొదట నిపిలును చూచి, పిదప దానికి తగిన గన్నును తీయవలెను. నిపిలును గుడ్డతో తుడువవలెను. లేనిచో ఇసుక గ్రీజుతోకూడ లోపలికి పోవును. పాత గ్రీజు కీలు అంచున వెలుపలికి వచ్చువరకు ఎక్కింపవలెను. మన విద్యార్థులకు ఇట్టి పనిముట్టు దొరకినచో, పాత సామానుల వానికి తూకమునకు వేయుటకు ముందు దాని మూతిని ఒకసారి పరీక్షింతురు గాక. పాత కారును కాపాడుకొనువారికి అది మిగుల ఉపకరించును.