పబ్లిక్ హిస్టరీ

కోసిగిలో చరిత్రతో డిగ్రీ చేసినవాళ్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న: బీఈడీయా, గ్రూప్సా? పబ్లిక్ హిస్టరీ మూడో దారి.

చరిత్రను మ్యూజియం, కోట, ఆర్కైవ్స్, డాక్యుమెంటరీల ద్వారా జనంలోకి తెచ్చే విద్య ఇది. 1976లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా ప్రాంగణంలో రాబర్ట్ కెల్లీ దీన్ని కోర్సుగా మొదలుపెట్టారు.

మన దగ్గర ఈ పేరు వినబడకముందే పని జరిగింది. కడపలో తెలుగు నిఘంటుకర్త సి.పి. బ్రౌన్ నివసించిన బంగళా శిథిలమైతే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టువదలకుండా అక్కడే గ్రంథాలయం నిలబెట్టారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద భాషా పరిశోధన కేంద్రం. కల్నల్ మెకంజీ సేకరింపజేసిన ఊళ్ల చరిత్రలను, అంటే కైఫియత్తులను, అచ్చువేసింది. చరిత్ర, పురావస్తు శాఖ కూడా ఆ విశ్వవిద్యాలయంలో ఉంది.

ఇలాంటి పని ఇంకా ఎంత అవసరమో తెలియాలంటే కర్నూలు జిల్లా ఎర్రగుడి గుట్టనే చూడండి. అశోకుడి శాసనాలున్న చోటు. ఒక శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి! తెలియనివాళ్లకు మాత్రం అవి బండమీది గీతలే. వాటిని విప్పి చెప్పాలంటే లిపి చదవడం ఒక్కటే చాలదు. అర్థమయ్యే తెలుగులో బోర్డు రాయాలి, బడిపిల్లలను వెంట తిప్పాలి, ఊరి పెద్దలు చెప్పేది రికార్డు చేయాలి.

ఉద్యోగాలా? పురావస్తు శాఖ, మ్యూజియాలు, పర్యాటక శాఖ, వారసత్వ పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ వంటి సంస్థల్లో ఉంటాయి. పోటీ మాత్రం గట్టిదే.